పాలకొల్లులో పెద్దవాళ్ళ క్యారేజీ మెస్సు: తిండి సంగతి, తిండి కాని సంగతి

ముందు రేట్లు చెప్పేస్తాను. అవి చూశాకే మిగతాది చదవాలో వద్దో తేల్చుకునేవాళ్ళు ఉంటారు, నేనూ ఆ రకమే. మధ్యాహ్నం భోజనం అక్కడే కూర్చుని తింటే 90 రూపాయలు. ఇంటికి క్యారేజీ పంపితే 110. నెలకి కట్టేస్తే కూర్చుని తినేవాళ్ళకి 2,200, క్యారేజీకి 2,700. రాత్రి భోజనం లేదు. ఆదివారం సెలవు. నీచు బుధవారం ఒక్కరోజే, చేపల పులుసు గానీ కోడికూర గానీ, దానికి 60 అదనం. పులస ఎప్పుడు పెడతారని అడక్కండి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సీమలోనే ఉన్నాం గానీ, 90 రూపాయల భోజనంలోకి అది దిగిరాదు.

బోర్డు లేదు. క్షీరారామలింగేశ్వరస్వామి గుడి గాలిగోపురం కనపడేంత దూరంలో, కాలవ వైపు దిగే సందులో పాత పెంకుటిల్లు. ముందు రెండు అరుగులు, లోపల పొడుగ్గా ఒక సావిడి. ‘పెద్దోళ్ళ మెస్సెక్కడండీ’ అంటే సందు మొదట్లో కిళ్ళీ కొట్టు ఆయన చెయ్యి చూపిస్తాడు. ఇద్దరు తోడికోడళ్ళు నడుపుతున్నారు. పెద్దావిడ బడిలో మధ్యాహ్న భోజనం వండే పని చేసి మానేసింది, అందుకని వందమందికి ఎసరు ఎంత పెట్టాలో చేతి లెక్క. చిన్నావిడది డబ్బు లెక్క, నోటి లెక్క కూడా ఆవిడదే. ఎవర్నైనా దెబ్బలాడాలంటే ఆవిడే దెబ్బలాడుతుంది.

నా గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే నా మాట ఎందుకు వినాలో మీకు తెలీదు. ఏఎన్‌ఎమ్‌గా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. వశిష్ఠ గోదావరి లంకల్లోకి పడవెక్కి వెళ్ళి పిల్లలకి టీకాలు వేసినదాన్ని. మా ఆయన పోయారు. అబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి బెంగళూరులో. ఇల్లు సొంతం, పెన్షన్ వస్తుంది, కాళ్ళు ఆడుతున్నాయి. అంటే ఈ మెస్సుకి నేను దిక్కులేక వెళ్ళలేదు. ఈ ముక్క ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఒంటరిగా ఉండే ఆడవాళ్ళ ఇళ్ళల్లో వంట ఎలా నడుస్తుందో నేను చూసినంత మా డాక్టర్లు కూడా చూసి ఉండరు. ‘ఒక్కదానికి ఏం వండుకుంటామమ్మా’ అంటారు. సోమవారం కాచిన పప్పుచారు బుధవారం దాకా వేడి చేసుకుంటారు. గురువారం ఆవకాయా అన్నం. శుక్రవారం ఉపవాసం అంటారు, భక్తి సగం, బద్ధకం సగం. బీపీ చూస్తే 170 ఉంటుంది, ఉప్పు తగ్గించమంటే ‘కూరే లేదు కదమ్మా, ఉప్పెక్కడిది’ అని నన్నే అడుగుతారు. ఊరగాయ ఉప్పు లెక్కలోకి రాదు వాళ్ళకి. మగవాళ్ళ సంగతి ఇంకా దారుణం. భార్య పోయిన మగవాడు మొదటి ఏడాది బిస్కట్లూ టీతో బతికేస్తాడు.

అందుకని ఈ మెస్సు క్యారేజీ సంగతి విన్నప్పుడు నాకు ముందు తిండే గుర్తొచ్చింది. దాని గురించే ముందు చెబుతాను.

వంట బాగుంటుంది. రోజూ పప్పు ఉంటుంది, ముద్దపప్పో ఆకుకూర పప్పో. ఒక కూర, ఒక పచ్చడి, పులుసు లేదా చారు, పెరుగు. కంద బచ్చలి, అరటికాయ ఆవ పెట్టిన కూర, గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి మామిడికాయ పచ్చడి, ఇవన్నీ ఇంట్లో ఒక్కరికి చేసుకునే వంటలు కావు. పనసపొట్టు కూర మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. బజార్లో కొట్టిన పొట్టు కొనరు, పెద్దావిడ కాయ తెప్పించి, చేతికి నూనె రాసుకుని, తనే కత్తితో పొడిలా కొడుతుంది. ఆవముద్ద పొయ్యి మీద ఉండగా కలపదు. దింపి, ఆవిరి పోయాక కలుపుతుంది, లేకపోతే చేదెక్కుతుంది. ఆ కూర ఉన్నరోజు సందు మొదట్లోనే తెలిసిపోతుంది. ఆ రోజు ఆలస్యంగా వెళ్తే మీకు చారే మిగులుతుంది. చారు గురించి మంచిమాట చెప్పలేను, మిరియాలు చూపించి కాచినట్టు ఉంటుంది. పెరుగు మాత్రం పెరుగే, మజ్జిగ పోసి పెరుగనరు.

బియ్యం సన్నబియ్యం. దీనికి నాకూ చిన్నావిడకీ ఒక తగువుంది. మనకి దగ్గర్లోనే మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఉంది, స్వర్ణ అనే ఎంటీయూ 7029 రకం పుట్టింది అక్కడే. 2012లో ఇర్రి, అంటే అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు రకరకాల బియ్యాల్ని పోల్చి చూస్తే, తిన్నాక రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచే రకాల్లో స్వర్ణ ఉందని తేలింది. మనం మాత్రం దాన్ని పండించి బయటికి పంపి, సన్నగా తెల్లగా ఉందని వేరేది తింటాం. తినేవాళ్ళలో సగం మందికి షుగరుంది, వారానికి రెండు రోజులైనా స్వర్ణ వండమన్నాను. ‘అక్కగారూ, లావు బియ్యం పెడితే రేషను బియ్యం పెట్టేరని ఊరంతా చెప్తారండి’ అంది. ఆవిడ అన్నదీ నిజమే. తగువు ఇంకా నడుస్తోంది.

తిండి ఇంతే. ఇంత మాత్రం వండే కర్రీ పాయింట్లు పాలకొల్లులో ఇంకా ఉన్నాయి. ఈ మెస్సుకి నేను డబ్బు కడుతున్నది వేరే మూడు రూల్స్ కోసం.

మొదటి రూలు, క్యారేజీ గేటుకి తగిలించి వెళ్ళకూడదు. టీవీఎస్ ఎక్స్ఎల్ మీద తెచ్చే కుర్రాడు బెల్లు కొట్టి, మనిషి చేతికే ఇవ్వాలి. నిన్నటి క్యారేజీ తీసుకునేటప్పుడు పైకెత్తి బరువు చూస్తాడు. బరువుగా ఉంటే మూత తీసి చూస్తాడు. అన్నం అలాగే ఉంటే ‘నిన్న తినలేదేటండి మామ్మగారూ’ అని అక్కడే నిలబడి అడుగుతాడు. మీకు విసుగొచ్చినా కదలడు. వెనక్కి వెళ్ళాక చిన్నావిడకి చెబుతాడు, ఆవిడ నోటుబుక్కులో పేరు పక్కన సున్న చుడుతుంది. సున్నలు వరసగా వస్తే ఫోను చేస్తుంది. నా ఉద్యోగంలో ఇంటింటి సర్వే రిజిస్టర్లు ఎన్ని రాశానో, రాయించానో. ఇంత పనికొచ్చే రిజిస్టరు నేను ఎక్కడా చూడలేదు.

ఊళ్ళోకి యాప్ డెలివరీలు కూడా వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. యాప్ కుర్రాడు ఓటీపీ అడుగుతాడు. ఈ కుర్రాడు మాత్ర వేసుకున్నారా అని అడుగుతాడు.

ఆ రూలు విలువ ఏమిటో ఒకసారి నా కళ్ళతో చూశాను. మా వీధి చివర ఒక పెద్దాయన, రిటైరైన ఉద్యోగి, ఒక్కరే ఉంటారు. షుగరు మాత్ర గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. ఆ మాత్ర వేసుకుని తిండి తినకపోతే షుగరు పడిపోతుంది, ఈ సంగతి మాత్ర రాసిన వాళ్ళు చెబుతారు గానీ గుర్తుచేసే మనిషి ఇంట్లో ఉండాలి. ఆ రోజు టిఫిన్ చెయ్యలేదాయన. కుర్రాడు క్యారేజీ ఇవ్వబోతే తలుపు తీశారు గానీ, ‘అక్కడ పెట్టు’ అనడానికి ‘అక్క పెక్కు’ అన్నట్టు వచ్చింది మాట. ఒళ్ళంతా చెమట. వాడు తాగి ఉన్నాడేమో అనుకోలేదు, ఎందుకంటే నిన్న ఆయన ఎలా మాట్లాడారో వాడికి తెలుసు. మెస్సుకి ఫోను చేస్తే చిన్నావిడ నాకు చేసింది. నేను గ్లూకోమీటరు పట్టుకుని వెళ్ళేసరికి రీడింగు 51. స్పృహలోనే ఉన్నారు, మింగగలుగుతున్నారు, కాబట్టి పంచదార నీళ్ళు పట్టించాం. పావుగంటకి మాట తేటపడింది. ఆ తర్వాత అన్నం తిన్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మాత్ర డోసు మార్పించాం. కుర్రాడు పదో తరగతి కూడా పూర్తి చెయ్యలేదు.

అప్పట్నుంచి నోటుబుక్కులో నా పట్టుదల మీద ఒక గడి పెంచారు. షుగరు మాత్ర వేసుకునేవాళ్ళ పేరు పక్కన ‘షు’ అని ఉంటుంది. ఆ ఇళ్ళకి క్యారేజీ ముందు వెళ్తుంది.

రెండో రూలుకి జనం గొణుగుతారు. క్యారేజీ తీసుకునేవాళ్ళు కూడా వారంలో ఒక రోజు, గురువారం, మెస్సుకి వచ్చి కూర్చుని తినాలి. మంచం దిగలేని వాళ్ళకి మినహాయింపు, మిగతావాళ్ళకి లేదు. రాకపోతే ఆ రోజు క్యారేజీ పంపరు. ‘డబ్బు కట్టి మాటలు పడటమేంటి’ అని ఒకాయన గొడవపెట్టుకున్నాడు. చిన్నావిడ మిగిలిన డబ్బు లెక్కకట్టి చేతిలో పెట్టింది. నాలుగు రోజులు పోయాక ఆయనే వచ్చాడు, గురువారం నాడే వచ్చాడు.

గురువారం బంతి చూడాల్సిందే. సావిడిలో పొడుగు బల్లలు, అటూ ఇటూ కుర్చీలు. అరిటాకు వేస్తారు. తలుపు దగ్గర టోకెన్లు ఇచ్చేది ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు. ఆయనకి ఉద్యోగం పోలేదు, బస్సే పోయింది. కుర్చీలన్నీ నిండాక వడ్డన మొదలుపెట్టమని ‘రైట్, రైట్’ అంటారు. మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు ఆయన అనకపోతే అన్నం గరిటె లేవదు. ఆయన లెక్క కళ్ళతోనే. ‘ఒక టిక్కెట్టు తక్కువుందండోయ్, నరసాపురం మేడమ్‌గారు ఎక్కలేదు’ అంటారు. ఎవరో ఒకరు ఫోను తీస్తారు.

సీటు టోకెన్ నంబరు ప్రకారమే. ఈ రూలు చూడ్డానికి చిన్నది, మన సీమలో చిన్నది కాదు. మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో బంతులు ఎవరివి వాళ్ళవి, కొందరికైతే బంతే ఉండేది కాదు, అందరూ లేచాక వెనకవైపు గిన్నె పట్టుకుని నిలబడేవాళ్ళు. కలిసి తినడం గురించి గొప్పగా చెప్పుకునే పెద్దలు ఈ సంగతి దాటేస్తారు. ఇక్కడ మీ పక్కన ఎవరు కూర్చుంటారో టోకెన్ చెబుతుంది. అది నచ్చక ఇద్దరు మానేశారు. మానేసి మెస్సుకి మేలే చేశారు.

మూడో రూలు రాసిపెట్టింది కాదు, అలవాటైపోయింది. ఒళ్ళు సహకరించేవాళ్ళు ఏదో ఒక పని అందుకోవాలి. నేను పదిన్నరకి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంటాను, ఆడవాళ్ళం నలుగురైదుగురం ఉంటాం. డ్రాయింగు మాస్టారు ఒకాయన పలక మీద ఆ రోజు వంటలు రాస్తారు, వంకాయ రాస్తే పక్కన బొమ్మ కూడా వేస్తారు. తాపీమేస్త్రీ చేసిన ముసలాయన నీళ్ళ గ్లాసులు పెడతాడు, వరస తాడు పట్టినట్టు ఉంటుంది. పని చేసినందుకు రేటు తగ్గించరు. ఒకసారి తగ్గిస్తామన్నారు, మేమే వద్దన్నాం. తగ్గిస్తే కూలి అవుతుంది, అప్పుడు చిన్నావిడ మా మీద కేకలెయ్యొచ్చు.

నా అభిప్రాయం అడిగితే మెస్సులో అసలు మందు ఇదే. పెద్దవాళ్ళకి సేవ చేస్తామని బయలుదేరేవాళ్ళందరూ వాళ్ళని కూర్చోబెట్టి పళ్ళెం ముందు పెడతారు. పండుగకి దుప్పటి కప్పి ఫొటో తీస్తారు. ‘మీరు రాకపోతే ఈ పని ఆగిపోతుంది’ అని ఎవరూ అనరు. నేను వెళ్ళనిరోజు బెండకాయలు ముక్కలు కావు, పెద్దావిడ పప్పుతో సరిపెడుతుంది, మర్నాడు అందరూ నన్ను తిడతారు. ఆ తిట్టు కోసం మోకాళ్ళ నొప్పితో కూడా నడుస్తున్నాను.

ఉత్త నా మాటే కాదు, లెక్కలు కూడా ఉన్నాయి. జూలియాన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే అమెరికా పరిశోధకురాలు, ఇద్దరు సహచరులతో కలిసి 2010లో 148 అధ్యయనాలు కలిపి చూసింది, మొత్తం మూడు లక్షల ఎనిమిది వేలమందికి పైగా మనుషుల వివరాలు. తోటివాళ్ళతో గట్టి సంబంధాలున్నవాళ్ళు బతికి ఉండే అవకాశం, లేనివాళ్ళ కంటే 50 శాతం ఎక్కువని తేలింది. సిగరెట్లు మానేస్తే వచ్చే మేలుతో తూగే లెక్క అది. అందరూ ఇక్కడ ఆగిపోతారు గానీ, లోపల ఇంకో సంగతి ఉంది. ఇంట్లో ఒక్కరే ఉంటున్నారా, ఎవరితోనైనా ఉంటున్నారా అన్న ఒక్క ప్రశ్నతో కొలిచిన చోట తేడా అన్నిటికంటే తక్కువ కనపడింది. చుట్టాలు, స్నేహితులు, ఇరుగుపొరుగు, నలుగురిలో చేసే పనులు, ఇలా అన్నీ కలిపి కొలిచిన చోట ఆ అవకాశం దాదాపు రెట్టింపు.

ఇది చదివినప్పుడు నాకు మా అబ్బాయి ఇల్లు గుర్తొచ్చింది. డల్లాస్‌లో నేను ఒంటరిగా లేను. కొడుకు, కోడలు, మనవరాలు, అందరూ బంగారాలే. పొద్దున్న ఎనిమిదింటికి గరాజ్ తలుపు మూసుకున్న చప్పుడయ్యాక సాయంత్రం దాకా నాతో మాట్లాడేది వంటింట్లో మైక్రోవేవ్ ఒక్కటే. పాలకొల్లులో ఒంటరిగా ఉంటున్నాను, పదిన్నర నుంచి రెండు గంటల దాకా నోరు మూతపడదు. పిల్లలు ‘అక్కడ ఒక్కదానివీ ఎలా ఉంటావమ్మా’ అంటే వాళ్ళకి ఈ తేడా చెప్పడం ఎంత కష్టమో అమెరికా వెళ్ళొచ్చిన తల్లులకి తెలుసు. తల్లిదండ్రుల పోషణకి 2007లో చట్టం కూడా వచ్చింది, పిల్లలు డబ్బు పంపకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. మా సీమలో చాలామందికి డబ్బుకి లోటు లేదు. దుబాయ్ నుంచీ, డల్లాస్ నుంచీ నెలనెలా పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. మెస్సులో మగవాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు తక్కువ. మగవాడు హోటల్లో తింటే హోటల్లో తిన్నాడంటారు. ఆడది తింటే ‘పాపం, పిల్లలు చూడట్లేదంట’ అంటారు. ఆ మాట డల్లాస్ దాకా వెళ్తుంది, అక్కడ కోడలు నొచ్చుకుంటుంది. లేసు అల్లే ఒకావిడ ఉంది, నరసాపురం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇంటి దగ్గర గుడికెళ్తున్నానని చెప్పి వస్తుంది. నిజంగానే గుడికి వెళ్ళి, చెంగున కొబ్బరి చిప్ప కట్టుకుని మెస్సుకొస్తుంది, వెళ్ళేటప్పుడు ఆ చిప్ప పట్టుకుని వెళ్తుంది. కొబ్బరి చిప్ప ఉంది కదా, ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఆవిడ కత్తిపీట దగ్గర మా అందరికీ కథలు చెప్పే మనిషి. భర్త పోయాక మూడేళ్ళు వీధి గుమ్మం దాటలేదంటే నేను నమ్మలేదు. నేను వీధిలో అందరికీ వినపడేలా ‘మెస్సుకెళ్తున్నా’ అని చెప్పి వెళ్తాను. దిక్కులేక వెళ్ళలేదని మొదట్లో నొక్కి చెప్పింది అందుకే. పెన్షన్ ఉన్నవాళ్ళం, పిల్లలు బాగా చూసుకునేవాళ్ళం గట్టిగా చెప్పుకుని వెళ్తేనే లేనివాళ్ళకి సిగ్గు తగ్గుతుంది.

పెద్దవాళ్ళ మెస్సని పేరే గానీ కుర్రాళ్ళు కూడా వస్తారు. ఈ చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో, మేత కంపెనీల్లో పనిచేసే పిల్లలు, విజయనగరం నుంచీ ఒడిశా నుంచీ వచ్చి రూముల్లో ఉంటారు. మొదట్లో ఫోను చూసుకుంటూ తినేసి పోయేవాళ్ళు. వాళ్ళలో ఒకడికి డ్రాయింగు మాస్టారు తెలుగు రాయడం నేర్పుతున్నాడిప్పుడు. వాడు మాస్టారి ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ఉంది, దాని మూలంగా ఏటా 8 లక్షల 71 వేల చావులని కూడా ఉంది. ముసలివాళ్ళ జబ్బే అనుకుంటాం గానీ, 13 నుంచి 29 ఏళ్ళ వయసు వాళ్ళలోనే అది 17 నుంచి 21 శాతం ఉందట. ఆ ఒడిశా పిల్లాడు మొదటిరోజు గోడవైపు తిరిగి తిన్న తీరు చూసినవాళ్ళకి ఈ అంకె కొత్తగా అనిపించదు.

భోజనాలయ్యాక అరుగుల మీద చేరతారు. కిళ్ళీలు, వక్కపొడి, పేపరు, కాలవ నీళ్ళు ఎప్పుడు కడతారు, కొబ్బరికాయ రేటెంత. 1996 నవంబరు తుపాను తలుచుకోని వారం ఉండదు. కోనసీమ అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ఒకాయన తోటలో ఒక్క చెట్టూ నిలబడని ఆ రాత్రి గురించి ఎన్నోసార్లు చెప్పాడు, ప్రతిసారీ ఎవరో ఒకరు మొదటిసారి వింటున్నట్టే వింటారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006 నుంచి ఇలాంటిదే పనిగట్టుకుని చేస్తున్నాడు. ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్క బెంచీలు వేసి, ఊళ్ళో నాయనమ్మల వయసు ఆడవాళ్ళకి శిక్షణిచ్చి, దిగులుతో వచ్చినవాళ్ళ మాట వినమని కూర్చోబెట్టాడు. దాన్ని పరీక్షించి 2016లో పెద్ద వైద్య పత్రికలో అచ్చువేశారు, దిగులు బాగా తగ్గిందని తేలింది. మనమేమో ఉన్న అరుగులు కొట్టేసి కాంపౌండు గోడలు లేపుకున్నాం. నేనూ మా ఇంటికి గేటు పెట్టించుకున్నదాన్నే, కార్ పార్కింగుకి. కారు లేదు.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు చెప్పకపోతే డబ్బులు తీసుకుని రాశానంటారు. ఉప్పు ఎక్కువ. పెద్దావిడ చెయ్యి బడిపిల్లలకి వండిన చెయ్యి, బీపీ వాళ్ళకి వండేది కాదు. చెప్పగా చెప్పగా పప్పులో తగ్గించింది, పులుసులో తగ్గించనంటోంది. బాత్రూము ఒక్కటే, గచ్చు నున్నగా ఉంటుంది, పట్టుకోడానికి కడ్డీ లేదు. ముసలివాళ్ళు వచ్చే చోట ఇది తప్పు, తుంటి ఎముక విరిగితే ఎవరి రూల్సూ పనికిరావు. కుర్చీలన్నీ ప్లాస్టిక్‌వి, చేతులున్నవి నాలుగే, వాటికోసం రోజూ చిన్న యుద్ధం. వానాకాలంలో సందులో నీళ్ళు నిలుస్తాయి.

ఫొటోల సంగతి ఇంకోటి. గురువారం బంతి ఫొటోలు తీసి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెడతారు. మమ్మల్ని అడగరు. నేను పెరుగన్నం కలుపుకుంటున్న ఫొటో చూసి మా అబ్బాయి డల్లాస్ నుంచి ‘అమ్మా, చిక్కిపోయావేంటి’ అని రాత్రి రెండు గంటలకి ఫోను, అంత టెన్షన్ వాడికి. నలుగురూ ఉన్నచోట నలుగురికీ మన సంగతి తెలుస్తుంది, అది ఒప్పుకునే వెళ్తాం. ఒకావిడ ఆస్తి తగాదా అరుగు మీద చర్చకి రావడం మాత్రం నాకు నచ్చలేదు, చిన్నావిడతో దెబ్బలాడాను. గ్రూపులో ఫొటోలకి ఇప్పుడు చెయ్యెత్తి అడుగుతున్నారు. అరుగు నోళ్ళకి మాత్రం మందు దొరకలేదు.

అన్నిటికంటే పెద్ద లోపం ఆదివారం సెలవు. వాళ్ళకీ విశ్రాంతి కావాలి, కాదనను. కానీ ఊరంతా చుట్టాలతో, కోడికూర వాసనతో ఉండే రోజు ఆదివారమే, ఒంటరి ఇంట్లో గడియారం నడవని రోజూ అదే. కుర్రాళ్ళు వంట చేసి మేం ముక్కలు కోసి, ఆదివారం ఒక పూట మేమే నడుపుకుంటామని కండక్టరుగారు ప్రతిపాదన పెట్టారు. వంటింటి తాళం ఇవ్వడానికి పెద్దావిడ ఇంకా ఒప్పుకోలేదు. గిన్నెలు మాడుస్తారని భయం. ఒడిశా పిల్లాడు వండిన దాల్మా రుచి చూపించాక కొంచెం మెత్తబడింది.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ప్రశాంతంగా, ఎవరూ పలకరించకుండా తినాలనుకునేవాళ్ళు వేరే క్యారేజీ చూసుకోండి, మంచివి ఉన్నాయి. ఉల్లి వెల్లుల్లి లేకుండా రోజూ కావాలన్నా కుదరదు. మంచాన ఉన్నవాళ్ళకి తిండి పంపుతారు గానీ ఇది నర్సింగు కాదు, ఆ భ్రమ పెట్టుకోకండి. దిగులు మరీ ముదిరి, తిండీ నిద్రా మానేసి, చావు మాటలు మాట్లాడేవాళ్ళకి బంతి భోజనం చాలదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. 14416కి ఫోను చేస్తే టెలీమానస్ వాళ్ళు, అంటే దిగులుకీ మానసిక బాధకీ ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం వాళ్ళు, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ళకి ఇంకే ఇబ్బందైనా వాళ్ళ కోసమే పెట్టిన 14567 నంబరు ఉంది. ఈ రెండు నంబర్లూ డ్రాయింగు మాస్టారు పలక కింద సున్నంతో రాశారు, పై వంకాయ బొమ్మ చెరిపేసినా అవి అలాగే ఉంటాయి.

నక్షత్రాలు అడిగితే ఐదింటికి నాలుగు. కడ్డీ పెట్టించమని నేనే కమ్మరి దగ్గర కొలత ఇచ్చి వచ్చాను, ఖర్చు చెరిసగం.

చేరాలనుకుంటే ఒకటో తారీఖు దాకా ఆగక్కర్లేదు. ఉదయం తొమ్మిది లోపల వెళ్ళండి, తర్వాతైతే ఇద్దరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మీ మాత్రల చీటీ, పిల్లల నంబర్లు, పక్కింటివాళ్ళ నంబరు అడుగుతారు. పిల్లల నంబరు చాలదా అనకండి, డల్లాస్ నుంచి ఎవరూ తలుపు తియ్యలేరు. క్యారేజీ వాళ్ళదైతే 500 అడ్వాన్సు, మీదైతే అక్కర్లేదు. మూత బిగుతుగా ఉన్నదే తీసుకెళ్ళండి. దారిలో పులుసు ఒలికితే ఆ కుర్రాడు మీ వీధంతా వినపడేలా చెబుతాడు.